సుగ్గి కాలం, బడి కాలం

దసరా సెలవులు ముగిసి బడులు తెరిచాక కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో హాజరు పట్టీలు పలచబడడం మొదలవుతుంది. కోసిగి, కౌతాళం, మంత్రాలయం, పెద్దకడబూరు, ఆదోని, ఆలూరు ప్రాంతాల్లో వానను నమ్ముకున్న మెట్ట చేలే ఎక్కువ. ఖరీఫ్ పంట పండినా ఎండినా, అది అయిపోయాక ఊళ్లో చేయడానికి పని ఉండదు. సరిగ్గా అదే సమయానికి వందల కిలోమీటర్ల తూర్పున గుంటూరు, ప్రకాశం నల్లరేగడి నేలల్లో పత్తి కాయ పగులుతుంది. సంక్రాంతి వచ్చేసరికి మిరప పండి ఎర్రబడుతుంది. అక్కడ పని ఉంది, చేతులు చాలవు. ఇక్కడ చేతులున్నాయి, పని లేదు. బియ్యం మూటలు, వంట సామాను, పరదా పట్టాలు కట్టుకుని కుటుంబాలకు కుటుంబాలు లారీలెక్కుతాయి. సుగ్గికి, అంటే పంట కోతల కూలికి, పోతున్నామని చెప్పి ఇంటికి తాళం వేస్తారు. ముసలివాళ్లుంటే ఇల్లు వాళ్లకు అప్పజెబుతారు.

బడి సంవత్సరం జూన్‌లో మొదలై ఏప్రిల్‌లో ముగుస్తుంది. పత్తి తీతలు దీపావళి దరిదాపుల్లో ఊపందుకుంటే, మిరప కోతలు జనవరి నుంచి ఎండలు ముదిరేదాకా సాగుతాయి. అంటే సుగ్గికి పోయిన పిల్లకు పోయేది ఇంచుమించు చదువులో రెండో సగమంతా. భిన్నాలు, దశాంశాలు, పెద్ద భాగహారాలు చెప్పే కాలం అదే. ఉగాది నాటికి ఇంటికి చేరితే, ఎదురుగా వార్షిక పరీక్షలుంటాయి.

చేలో పని కిలోల లెక్క. ఎన్ని చేతులు సాయం పడితే అంత కూలి. పదేళ్లు దాటిన పిల్ల ఒడి కట్టుకుని అమ్మ పక్క సాలులో పత్తి తీస్తుంది. ఆరేడేళ్ల పిల్ల చెట్టు కొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలో చెల్లెల్ని ఊపుతుంది. కల్లంలో తాలు కాయలు ఏరే పనికి వయసుతో నిమిత్తమే లేదు. సాయంత్రానికి చేతులు మంటెత్తుతాయి, ఆ చేత్తో కళ్లు తుడుచుకుంటే ఇంకా మంట.

ఇలా ఏటా నాలుగైదు నెలలు గడిపే పిల్లల బుద్ధికీ, చదువుకీ, మనసుకీ ఏమవుతుంది? దీనికి జవాబు ఒక్కచోట దొరికేది కాదు. ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో, పక్క తమిళనాడులో, కొంచెం దూరంగా పాకిస్తాన్‌లో, మరీ దూరంగా బ్రెజిల్, జమైకాల్లో జరిగిన పరిశోధనలను పక్కపక్కన పెట్టి చూడాలి. అప్పుడొక సంగతి స్పష్టంగా బయటపడుతుంది. ఈ పిల్లలకు తెలివి తక్కువై చదువు పోవడం లేదు. చదువు తెగిపోయిన చోట దాన్ని మళ్లీ అతికేవాళ్లు లేక పోతోంది.

కాటా దగ్గర లెక్క

ముందు తెలివి సంగతి చూద్దాం. కాటా మీద పత్తి మూట పెట్టినప్పుడు కిలోకింత చొప్పున రోజు కూలి ఎంతవుతుందో, ముందే తీసుకున్న అడ్వాన్సు కింద అందులోంచి ఎంత విరగ్గోస్తారో నోటితో చెప్పగల పిల్లలు ఈ చేలల్లో ఉంటారు. అదే పిల్లకు పలక మీద ఆ గుణకారమే వేసి ఇస్తే చేయలేకపోవచ్చు. పంతులు గారికి కనబడేది పలక ఒక్కటే. 'మొద్దు' అన్న ముద్ర అక్కడే పడుతుంది.

ఈ తేడాను జాగ్రత్తగా కొలిచినవారు బ్రెజిల్ పరిశోధకులు తెరెజిన్యా కరహెర్, డేవిడ్ కరహెర్, అనాలూసియా ష్లీమన్. రెసీఫె నగరంలో వీధి పక్క కొబ్బరికాయలూ మొక్కజొన్నలూ అమ్మే ఐదుగురు పిల్లల దగ్గరికి కొనుగోలుదారుల్లా వెళ్లి లెక్కలడిగారు. నూటికి 98 జవాబులు సరిగ్గా వచ్చాయి. తరువాత అవే అంకెలను కాగితం మీద బడి లెక్కల్లా రాసిచ్చారు. సరైన జవాబులు నూటికి 37కి పడిపోయాయి. ఒక పన్నెండేళ్ల కుర్రాడిని 35 క్రుజేరోల కాయలు పది ఎంతని అడిగితే, మూడు కాయలు నూట ఐదు, ఇంకో మూడు కలిపితే రెండు వందల పది, మరో మూడుకి మూడు వందల పదిహేను, మిగిలిన ఒక్కదాంతో మూడు వందల యాభై అని కట్టుకొచ్చాడు. పదితో గుణిస్తే పక్కన సున్నా చేర్చాలన్న బడి సూత్రం వాడికి అక్కర్లేకపోయింది. ఈ వ్యాసం 1985లో అచ్చయింది.

నలభై ఏళ్ల తరువాత మన దేశంలోనే దీన్ని పెద్ద ఎత్తున పరీక్షించారు. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, శిశు మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ స్పెల్కీ, వారి సహచరులు కలకత్తా, ఢిల్లీ సంతల్లో పనిచేసే 1,436 మంది పిల్లలను చూశారు. ఫలితాలు 2025లో 'నేచర్' పత్రికలో వచ్చాయి. బేరంలో చిక్కు లెక్కలు మనసులోనే తేల్చేసిన పిల్లల్లో చాలామంది అంతకంటే తేలికైన బడి లెక్క దగ్గర ఆగిపోయారు. ఆ అధ్యయనంలో రెండో సగం మరీ ఆసక్తికరం. సంతలో పనిచేయని బడి పిల్లలకు బేరం లెక్కలిస్తే వాళ్లూ అంతే తడబడ్డారు. బజారు లెక్క బడికి రాలేదు, బడి లెక్క బజారుకు పోలేదు. రెండింటినీ కలిపే పని ఎవరూ చేయలేదు కనుక రెండు తెలివులూ పరాయి వాళ్లలా ఉండిపోయాయి.

గుంటూరు చేలకు దీన్ని అన్వయిస్తే పంతులుకు ఉపయోగపడే సూచన ఒకటి దొరుకుతుంది. సుగ్గి నుంచి వచ్చిన పిల్లకు గుణకారం మొదటినుంచి చెప్పనక్కర్లేదు. ఆమెకు తెలిసిన కాటా లెక్కను పలక మీదికి ఎలా ఎక్కించాలో చెబితే చాలు.

పద్నాలుగు వారాలు, ఏడాదిన్నర

అయితే బడి పోవడం వల్ల నష్టమే లేదా? ఉంది. పోయిన నెలల లెక్క కంటే అది పెద్దది.

2005 అక్టోబరు 8న పాకిస్తాన్ ఉత్తర భాగంలో భారీ భూకంపం వచ్చింది. నేల చీలిన గీతకు దగ్గర ఊళ్లలో బడులు సగటున పద్నాలుగు వారాలు మూతపడ్డాయి. నాలుగేళ్ల తరువాత తాహిర్ అంద్రాబీ, బెంజమిన్ డేనియల్స్, జిష్ణు దాస్ ఆ ప్రాంతానికి వెళ్లారు. సాయం బాగా అందింది కాబట్టి ఇళ్లు, ఆస్తులు, తిండి ఖర్చు వంటివాటిలో దగ్గర ఊళ్లకూ దూరం ఊళ్లకూ తేడా కనబడలేదు. పిల్లలకు పరీక్ష పెడితే మాత్రం దగ్గర ఊళ్ల పిల్లలు ఏడాదిన్నర చదువు వెనకబడి ఉన్నారు. పోయింది మూడు నెలల పైచిలుకు, తేలిన లోటు ఏడాదిన్నర!

ఇదెలా జరుగుతుంది? తరగతి గది పాఠ్యపుస్తకం వేగంతో నడుస్తుంది, పిల్లల వేగంతో కాదు. తిరిగొచ్చిన పిల్ల పోయిన పాఠాలు రాకుండానే కొత్త పాఠంలో కూర్చుంటుంది. స్థానవిలువ రానివాళ్లకు భాగహారం అర్థం కాదు, భాగహారం రానివాళ్లకు భిన్నాలు అర్థం కావు. అలా బడిలో కూర్చున్న రోజులు కూడా వృథా అవుతాయి. సెలవులో పోయినదానికంటే సెలవు తరువాత పోయేదే ఎక్కువన్నమాట. దీనికి తోడు మరుపు సహజం. జర్మన్ పరిశోధకుడు హెర్మన్ ఎబింగ్‌హాస్ 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసుకుని, నేర్చినది మొదటి రోజుల్లో వేగంగానూ ఆ తరువాత నిదానంగానూ జారిపోతుందని చూపించాడు. మధ్యమధ్యలో తిరగేసుకుంటే ఆ జారుడు తగ్గుతుంది. చేలో పుస్తకం తిరగేసే వీలు లేదు.

పాకిస్తాన్ అధ్యయనంలో మరో ఫలితం ఉంది. తల్లి కనీసం ప్రాథమిక విద్య పూర్తిచేసిన ఇళ్లలోని పిల్లలకు ఈ లోటు రాలేదు. ఆ తల్లి ఇంట్లోనే బడిని ఏదో ఒక రూపంలో నడిపి ఉండాలి, లేదా మంచి బడికి మార్చగలిగి ఉండాలి. సుగ్గి కుటుంబాల్లో చదువుకున్న తల్లులు తక్కువ. కనుక ఆ అండ బయటినుంచి రావాలి.

వస్తే ఏమవుతుందో తమిళనాడు చూపించింది. కరోనా కాలంలో అక్కడ ప్రాథమిక బడులు దాదాపు పద్దెనిమిది నెలలు మూతపడ్డాయి. అభిజీత్ సింగ్, మౌరిసియో రొమేరో, కార్తీక్ మురళీధరన్ గ్రామీణ తమిళనాడులో సుమారు 19,000 మంది పిల్లలను పరీక్షించారు. 2021 డిసెంబరులో లోటు చాలా పెద్దదిగా, ముఖ్యంగా లెక్కల్లో భయం పుట్టించేదిగా తేలింది. కానీ బడులు తెరిచిన ఆరు నెలల్లోనే అందులో మూడింట రెండు వంతులు పూడిపోయింది. ఆ కోలుకున్నదాంట్లో సుమారు నాలుగో వంతు 'ఇల్లం తేడి కల్వి' అనే ప్రభుత్వ పథకం వల్లనే. ఊళ్లోని చదువుకున్న యువతులు, గృహిణులు సాయంత్రాలు ఇంటి అరుగు మీదో గుడి ముందో పిల్లలను కూర్చోబెట్టి గంటా గంటన్నర చెప్పిన చదువు అది.

రెండు అనుభవాలను కలిపి చదివితే విషయం తేటపడుతుంది. తెగిన చదువును గాలికి వదిలేస్తే లోటు పెరుగుతుంది. పిల్ల ఎక్కడ ఆగిందో అక్కడినుంచి మొదలుపెడితే ఆశ్చర్యం కలిగించేంత త్వరగా తగ్గుతుంది. కరోనాకు ఎంతో ముందే, 2001–03 మధ్య, ముంబై, వడోదర మునిసిపల్ బడుల్లో ప్రథమ్ సంస్థ ఇదే పద్ధతిని పరీక్షించింది. మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడిన పిల్లలను రోజూ రెండు గంటలు పక్కకు తీసుకెళ్లి, అదే పేటకు చెందిన యువతుల చేత అక్షరాలు, అంకెలు చెప్పించారు. పెద్ద డిగ్రీలు లేని ఆ 'బాలసఖి'ల దగ్గర పిల్లల మార్కులు స్పష్టంగా పెరిగాయి. అందరికంటే వెనకబడినవారే ఎక్కువ లాభపడ్డారు.

కడుపు, ఎత్తు, మాట

పిల్లల ఎదుగుదల గురించి తెలుగు నేల మీద జరిగిన పెద్ద దీర్ఘకాలిక అధ్యయనాల్లో ఒకటి 'యంగ్ లైవ్స్'. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో మొదలైంది. అప్పటికి ఏడాది వయసున్న 2,011 మందినీ, ఎనిమిదేళ్లున్న 1,008 మందినీ ఎంచుకుని, కొన్నేళ్లకోసారి వాళ్ల ఇళ్లకు వెళ్తూ వచ్చారు. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాద్ జిల్లాల పిల్లలు వాళ్లు. హైదరాబాద్‌ను మినహాయిస్తే ఎక్కువమంది పల్లె పిల్లలే. ఆ పసివాళ్లకు ఇప్పుడు ఇరవయ్యేళ్లు దాటాయి.

ఈ నాలుగు దేశాల్లోనూ తేలిన సంగతి ఒకటుంది. ఏడాది వయసులో ఎత్తు తక్కువగా ఉన్న పిల్లలు ఎనిమిదేళ్ల వయసులో పదసంపదలోనూ లెక్కల్లోనూ వెనకబడే అవకాశం ఎక్కువ. తిండి చాలనప్పుడు ఎముక ఒక్కటే ఆగదు. మెదడులో నాడీకణాల మధ్య కొత్త దారులు పడే కాలం కూడా అదే. అయితే ఒకసారి వెనకబడితే అంతే సంగతులని చాలాకాలం నమ్మేవారు. యంగ్ లైవ్స్ సమాచారాన్ని విశ్లేషించిన బెంజమిన్ క్రూక్‌స్టన్ బృందం 2013లో ఆ నమ్మకాన్ని సడలించింది. ఏడాది వయసు దాటాక ఊహించినదానికంటే బాగా ఎదిగిన పిల్లలు చదువులోనూ మెరుగ్గా ఉన్నారు. తలుపు సన్నబడుతుంది గానీ పూర్తిగా మూసుకుపోదు.

ఆ తలుపు తెరిచి ఉంచినవాటిలో మధ్యాహ్న భోజనం ఒకటి. సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న బడిలో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్‌లో అది 2003 జనవరిలో అమల్లోకి వచ్చింది. సరిగ్గా ఆ ఏళ్లలోనే రాష్ట్రం కరువులో ఉంది. అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ యంగ్ లైవ్స్ పిల్లల ఎత్తు, బరువులను పరిశీలించి, కరువు పడ్డ ఇళ్ల చిన్నపిల్లల్లో బడి భోజనం ఆ దెబ్బను పూడ్చిందని 2014లో ప్రచురించారు. అన్నం, పప్పు, గుడ్డు పెట్టే ఆ పళ్లెం వల్ల కరువు ముద్ర పిల్లల ఒంటి మీద నిలవలేదు.

సుగ్గికి పోయిన పిల్లకు ఆ పళ్లెం అందదు. బడి పోవడంతో పాటు బడి అన్నమూ పోతుందన్న సంగతి లెక్కలోకి రావడం లేదు. మిరప చేను పక్కనే ఊరుంటుంది, ఊళ్లో బడి ఉంటుంది, బడిలో అన్నం ఉడుకుతూ ఉంటుంది. ఆ పిల్ల పేరు మాత్రం కర్నూలు జిల్లా పట్టీలో ఉంటుంది.

ఇక ఉయ్యాలలోని చంటిపిల్ల మాట. రెండేళ్ల లోపు పిల్లకు చదువంటే పలకరింపు. పిల్ల 'ఊ' అంటే పెద్దవాళ్లు బదులివ్వడం, చూపించిన వస్తువు పేరు చెప్పడం, దాగుడుమూతలాడడం. జమైకాలోని కింగ్‌స్టన్‌లో శాలీ గ్రంథమ్-మెక్‌గ్రెగర్ ఎదుగుదల ఆగిన 129 మంది పసివాళ్లతో చేసిన ప్రయోగం దీనికి పెద్ద సాక్ష్యం. కొన్ని ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారానికోసారి వెళ్లి, పారేసే సీసాలు, డబ్బాలతో చేసిన బొమ్మలిచ్చి, తల్లికి పిల్లతో ఆడడం నేర్పారు. రెండేళ్లు అంతే. ఇరవై ఏళ్ల తరువాత ఆ పిల్లల సంపాదన, ఆ ఆటలు అందని పిల్లలకంటే 25 శాతం ఎక్కువగా ఉందని 2014లో 'సైన్స్' పత్రిక ప్రచురించింది.

ఇలాంటి పని మన దగ్గరా జరిగింది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన షహనాజ్ వజీర్ బృందం నల్లగొండ జిల్లాలో 60 ఊళ్లను మూడు జట్లుగా విడదీసింది. ఒక జట్టుకు మామూలు అంగన్‌వాడీ సేవలు. రెండో జట్టులో తల్లులకు అనుబంధ ఆహారం గురించి ఇళ్లకు వెళ్లి చెప్పారు. మూడో జట్టులో దానికి తోడు పిల్ల ఆకలి సైగలు గమనించి తినిపించడం, బొమ్మలతో ఆడించడం కూడా నేర్పారు. పిల్లల మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా ఇది సాగింది. మూడో జట్టు పిల్లల మానసిక వికాసం మొదటి జట్టు పిల్లలకంటే మెరుగుపడింది. కిలోల లెక్కన పత్తి తీసే తల్లికి రోజంతా పిల్లతో మాట్లాడే తీరిక ఉండదు, ఉయ్యాల ఊపే ఆరేళ్ల అక్కకు ఆ ఓపిక ఉండదు. కాబట్టి చేలకు దగ్గరగా ఉన్న అంగన్‌వాడీ తలుపు ఈ చంటిపిల్లలకు తెరవడం పెద్దపిల్లల చదువుకూ సాయమే. ఉయ్యాల కాపలా తప్పితే ఆ అక్క బడికి పోగలదు.

మందు కొట్టిన చేను

పత్తి, మిరప పంటలకు పురుగుమందు వాడకం ఎక్కువన్నది ఈ ప్రాంత రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మందు చల్లిన ఆకులను తడిమే చేతులు, ఆ చేను గట్టునే పడుకునే పిల్లలు సుగ్గి కుటుంబాలవే. ఆర్గానో ఫాస్ఫేట్ రకం మందులు పురుగు నాడీమండలాన్ని దెబ్బతీసి చంపుతాయి. ఎదిగే మెదడులోనూ ఆ రసాయన మార్గమే పనిచేస్తుంది.

అమెరికాలోని కాలిఫోర్నియాలో సలీనాస్ లోయ కూడా వలస కూలీలతో నడిచే వ్యవసాయ ప్రాంతమే. అక్కడ బర్కిలీ శాస్త్రవేత్త బ్రెండా ఎస్కెనాజీ నాయకత్వంలో గర్భిణులను నమోదు చేసుకుని, వాళ్ల మూత్రంలో ఆ మందుల ఆనవాళ్లు కొలిచి, పుట్టిన పిల్లలను ఏళ్ల తరబడి గమనించారు. 2011లో ఫలితం వచ్చింది. గర్భంలో అందరికంటే ఎక్కువ మందు తాకిన పిల్లల తెలివితేటల స్కోరు ఏడేళ్ల వయసులో, అందరికంటే తక్కువ తాకినవారికంటే సగటున ఏడు పాయింట్లు తక్కువ. ఆ రకం మందుల్లో ఒకటైన క్లోర్‌పైరిఫాస్ అమ్మకాలను 2020లో ఆ రాష్ట్రం ఆపించింది. మన గర్భిణి కూలీ మందు కొట్టిన రోజునే ఆ చేలో దిగకుండా చూడడానికి ప్రయోగశాల అక్కర్లేదు. మందు డబ్బా మీద రాసిన జాగ్రత్తలు పాటిస్తే, రైతూ, కూలీలను తెచ్చే మేస్త్రీ మాట్లాడుకుంటే సరిపోతుంది.

బెత్తం, భయం

ఉగాదికి తిరిగొచ్చిన పిల్లను బడిలో ఎలా చూస్తారన్నది మరో ప్రశ్న. యంగ్ లైవ్స్ 2009లో మన రాష్ట్రంలో ఎనిమిదేళ్ల పిల్లలను అడిగింది. గడిచిన వారంలో తరగతిలో ఎవరినైనా టీచరు కొట్టడం చూశామన్నవారు పదిమందిలో తొమ్మిదిమందికి పైగా. తమనే కొట్టారన్నవారు నూటికి 78 మంది. నాలుగు దేశాల్లో ఇదే ఎక్కువ. విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అది అమల్లోకి వచ్చింది ఆ మరుసటి ఏడాదే.

భయం చదువును ఎలా తింటుందో నాడీశాస్త్రం చెబుతుంది. ప్రమాదం పసిగట్టగానే ఒంట్లో కార్టిసాల్ వంటి ఒత్తిడి హార్మోన్లు విడుదలవుతాయి. ఒక్క క్షణానికి అది మేలే, పారిపోవడానికి శక్తినిస్తుంది. కానీ లెక్క చేయడానికి కావలసిన తాత్కాలిక జ్ఞాపకం, అంటే మూడు అంకెలను మనసులో పట్టుకుని నాలుగోదాన్ని కలిపే సామర్థ్యం, ఆ క్షణంలో తగ్గిపోతుంది. ఇప్పటికే పాఠం తప్పిన పిల్ల బెత్తం వైపు చూస్తూ కూర్చుంటే తెలిసినది కూడా తోచదు. పెరూ, వియత్నాం పిల్లల్లో ఎనిమిదేళ్లప్పుడు దెబ్బలు తిన్నవారు పన్నెండేళ్లప్పుడు లెక్కల్లో వెనకబడినట్టు ఈ అధ్యయనమే చూపింది.

పెద్దవాళ్ల మనసు కూడా ఇందులో భాగమే. ఆనందీ మణి, సెంథిల్ ముల్లైనాథన్, ఎల్డర్ షఫీర్, జియాయింగ్ జావో తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు పంట డబ్బు చేతికి రాకముందొకసారి, వచ్చాకొకసారి ఆలోచనా పరీక్షలు పెట్టారు. అదే మనిషి డబ్బు కటకటలో ఉన్నప్పుడు తక్కువ స్కోరు చేశాడు. అడ్వాన్సు తీరుతుందో లేదోనన్న బెంగతో ఉన్న తండ్రి పిల్ల చదువు గురించి పట్టించుకోకపోతే అది నిర్లక్ష్యమని తీర్పు చెప్పేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తీసుకెళ్లాలా, వదిలి వెళ్లాలా

పిల్లలను ఊళ్లోనే ఉంచి చదివించడానికి కర్నూలు జిల్లాలో సర్వశిక్షా అభియాన్ కాలం నుంచి సీజనల్ హాస్టళ్లు నడుపుతున్నారు. తల్లిదండ్రులు సుగ్గికి పోతారు, పిల్లలు బడిలోనే తిని, పడుకుని, చదువుకుంటారు. బడి తెగకపోవడం దీనివల్ల పెద్ద లాభం. అయితే ఎడబాటుకు కూడా ఖరీదుంది. తల్లిదండ్రులు వలస పోతే వెనక మిగిలిన పిల్లల మీద 111 అధ్యయనాలను, రెండు లక్షల అరవై వేల మందికి పైగా పిల్లల సమాచారాన్ని కలిపి 'లాన్సెట్' 2018లో ఒక సమీక్ష వేసింది. వాటిలో ఎక్కువ చైనావి. వెనక మిగిలిన పిల్లల్లో కుంగుబాటు ముప్పు మిగతావారికంటే సుమారు 50 శాతం ఎక్కువ.

అలాగని ప్రతి పిల్లా కుంగిపోదు. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, ఇంటి కలతలు వంటి అనేక ముప్పులున్న పిల్లల్లో మూడో వంతు మంది నిబ్బరమైన, పనిమంతులైన పెద్దవాళ్లుగా ఎదిగారు. వాళ్లందరి జీవితాల్లో సాధారణంగా కనిపించింది, నమ్మకంగా వెన్నంటి ఉన్న ఒక పెద్దమనిషి. కొందరికి అవ్వ, కొందరికి పిన్ని, కొందరికి టీచరు.

కాబట్టి సీజనల్ హాస్టల్ విలువ గోడలు, మంచాల లెక్కతో తేలదు. రాత్రి జ్వరమొస్తే నుదురు తాకి చూసే మనిషి, వారానికోసారి అమ్మానాన్నలతో ఫోను మాట్లాడించే మనిషి అక్కడ ఉన్నారా అన్నదే ముఖ్యం. ఏటా వార్డెన్ మారిపోతే ఆ బంధం కుదరదు. మరీ చిన్న పిల్లలకు, ఆరేడేళ్ల లోపు వాళ్లకు, తల్లి దగ్గరే ఉండి చేల పక్క బడికో అంగన్‌వాడీకో పోవడం మేలు. పదేళ్లు దాటి, అవ్వాతాతల అండ ఉన్నవాళ్లకు సొంత ఊరి హాస్టల్ నప్పుతుంది. అందరికీ ఒకే మందు పనికిరాదు.

చేయగలిగినవి

అదృష్టవశాత్తు దీనికి కొత్త చట్టాలు అక్కర్లేదు. కోసిగి, గుంటూరు జిల్లా ప్రత్తిపాడు ఒకే రాష్ట్రంలో ఉన్నాయి. రెండుచోట్లా అవే పాఠ్యపుస్తకాలు, అదే మధ్యాహ్న భోజనం, అవే పరీక్షలు. ఐదో తరగతి పిల్ల కోసిగిలో ఆపిన పేజీనే ప్రత్తిపాడులో తెరవొచ్చు. విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ చదువు తెగిన పిల్లను వయసుకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలంటుంది. ఐదో సెక్షన్ ప్రకారం బడి మారే హక్కు పిల్లది. టీసీ ఆలస్యమైందన్న కారణంతో చేర్చుకోకపోవడం కుదరదు.

పత్తి తీతలు మొదలైన వారంలోనే ఊరి బడి పంతుళ్లు చేలలోని గుడారాల దగ్గరికి వెళ్లి పిల్లల పేర్లు రాసుకోవాలి. వాళ్లను తరగతి పేరుతో కూర్చోబెట్టే ముందు ఏం చదవగలరో, ఏ లెక్క చేయగలరో పావుగంట చూడాలి. రోజుకు గంట రెండు గంటలు వాళ్ల స్థాయిలో చెప్పాలి. ఊళ్లో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న అమ్మాయిలూ అబ్బాయిలూ ఈ పనికి చాలు. పళ్లెంలో అన్నం మొదటి రోజునుంచే పెట్టాలి. తిరిగి వెళ్లేటప్పుడు ఎంతవరకు వచ్చిందో ఒక కాగితం మీద రాసి పిల్ల చేతికివ్వాలి, సొంత ఊరి టీచరు అక్కడినుంచి అందుకోవడానికి.

రైతులు చేయవలసింది కూడా ఉంది. కూలీలను కుదుర్చుకునేటప్పుడు పద్నాలుగేళ్ల లోపు పిల్లలు చేలో దిగకూడదని మేస్త్రీతో ముందే ఒప్పుకోవాలి. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం చెప్పేదీ అదే. మందు కొట్టిన రోజున గుడారాలు దూరంగా ఉండేలా చూడాలి. ఈ సీజనులో మీ ఊరి చేలో పరదా పట్టాల గుడారం కనబడితే, అందులో ఎంతమంది పిల్లలున్నారో అడిగి, ఆ సంగతి మీ ఊరి బడిలోనూ అంగన్‌వాడీలోనూ చెప్పండి.